ఖరీదైన నిద్ర

నవ్వాలనిపిస్తే నవ్వండి, నేనేమీ అనుకోను. మధ్యలో "ఇంతకీ ఆ పరుపు ఏమైంది" అని మాత్రం అడగకండి. వరసగా చెప్పుకొస్తాను.

నా ఉద్యోగం మీకు తెలిసిందే. ఇంటి సామాన్లు అమ్మే పెద్ద కొట్టులో వస్తువులకు ధర చీటీలు అంటిస్తాను. ఏదైనా వస్తువు ఎన్నాళ్లకీ అమ్ముడుపోకపోతే మా యజమాని దాని ధర తగ్గించడు. "ఇంత చవకేమిటని జనం జంకుతున్నారు, పెంచు" అంటాడు. నేను పాత చీటీ గీకేసి కొత్తది అంటిస్తాను. వారం తిరక్కుండా ఆ వస్తువు కాస్తా అమ్ముడుపోతుంది. ఈ పని చేసీ చేసీ నాకు ధరల మీద నమ్మకం పోయింది. నా దృష్టిలో ధర అంటే కాస్త జిగురు, అంతే.

మా ఆవిడ దారి వేరు. చవగ్గా వచ్చింది ఏదైనా సరే వాసన చూసి పక్కన పెడుతుంది. ఖరీదైనదైతే వాసన కూడా చూడదు.

"నేను నీకు ఊరికే దొరికాను కాబట్టి చులకన" అన్నాను ఒకసారి.

"అప్పుడే చీటీ చూసుకోవాల్సింది" అంది.

మావగారు పోయాక అత్తయ్యగారు మా దగ్గరికి వచ్చేశారు. ఆయన ఊసు ఎవరం ఎత్తేవాళ్లం కాదు గానీ, ఆయన లేరన్న సంగతి మాత్రం ఆ చిన్న గదిలో కుర్చీ వేసుక్కూర్చున్నట్టే ఉండేది. ఆవిడకు నిద్ర దూరమైంది. పొద్దున్నే కళ్ల కింద నల్లటి చారలతో వంటింటి గుమ్మంలో కూర్చుని, చేతిలో కాఫీ చల్లారిపోయేదాకా అలాగే పట్టుకుని ఉండేవారు. డాక్టరు పరీక్షలన్నీ చేసి "ఒంట్లో ఏమీ లేదు" అన్నాడు. ఏదో ఒకటి ఉన్నా బాగుండేది, మందైనా ఉండేదని మా ఆవిడ ఏడ్చింది.

ఏడ్చి, కళ్లు తుడుచుకుని, పరుపు సంగతి ఎత్తింది.

"మీ కొట్టులో అద్దాల గదిలో పెట్టారే, ఆ పరుపు. అమ్మకి అది తెండి."

"దాని ధర తెలుసా?"

"తెలుసు. అందుకే అడుగుతున్నా."

"అదీ, కొట్టు గుమ్మం పక్కన పడేసిన చవక పరుపూ ఒకే లారీలో దిగుతాయే."

"ఒకచోట దిగితే ఒకటైపోతాయా? మీరూ మీ యజమానీ ఒకే తలుపులోంచి వెళ్తారు."

మా ఆవిడతో మాటల్లో ఓడినప్పుడల్లా నాకు ఒక ఉపాయం తడుతుంది. నా ఖర్మ అదే.

గుమ్మం పక్కన పరుపు కొన్నాను. అద్దాల గది పరుపుకి వేసే చీటీ ఇంకొకటి తీసి దానికి అంటించాను. అంటించడంలో నన్ను మించినవాడు లేడు, ఆ మాట మా యజమాని కూడా ఒప్పుకుంటాడు. ఇంటికి తెచ్చి, ఉన్నదంతా ఊడ్చిపెట్టినవాడిలా మొహం వేలాడేసుకుని గోడకి చేరగిలబడ్డాను. మా ఆవిడ చీటీ చూసింది, నన్ను చూసింది. అంత ప్రేమగా పెళ్లయిన కొత్తలో కూడా చూడలేదు. నాకు కాస్త సిగ్గేసింది గానీ, ఆ చూపు వదులుకోబుద్ధి కాలేదు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం ఆ గది గుమ్మంలో నిలబడ్డాం.

"నిద్ర పట్టిందామ్మా?"

"మబ్బుల మీద పడుకున్నట్టుందే. ఒళ్లు తెలీలేదు" అన్నారు అత్తయ్యగారు.

కళ్ల కింద చారలు అలాగే ఉన్నాయి. ఇన్నాళ్ల అలసట ఒక్క రాత్రిలో పోతుందా అని మాకు మేమే సర్దిచెప్పుకున్నాం. జిగురుదే గెలుపని నేను లోపల్లోపల మురిసిపోయాను.

మా పైవాటాలో ఒకాయన ఉన్నారు. చీపురు కొన్నా గ్యారంటీ అడుగుతారు కాబట్టి ఆయన్ని మేం గ్యారంటీగారు అంటాం. ఆయనకి నడుంనొప్పి. మా ఆవిడ పరుపు గురించి ఆయన చెవిన వేసింది, అత్తయ్యగారు మబ్బుల మాట మళ్లీ చెప్పారు. ఆయన తిన్నగా మా కొట్టుకి వచ్చి అద్దాల గది పరుపు ముందు నిలబడ్డారు. ఆయన్ని ఆపాలనే వెళ్లాను. తీరా చూస్తే యజమాని నా వెనకే ఉన్నాడు. "చాలా మంచిదండీ" అని నా నోరే చెప్పింది. ఆయన కొనేశారు.

వారం గడిచాక గ్యారంటీగారు నడుం పట్టుకుని మెట్లు దిగొచ్చారు.

"మీ మబ్బులు నాకు రాలేదండీ. రాళ్లొచ్చాయి. మీదొకసారి చూడనివ్వండి."

అత్తయ్యగారి మంచం మీద వాలి కళ్లు మూసుకున్నారు. ఎంతకీ కదలకపోతే మా ఆవిడ కంగారుపడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. చివరికి లేచి కూర్చుని, "ఇదీ పరుపంటే. నాకు అంటగట్టింది నకిలీ. రెండింటి ధరా ఒకటే కాబట్టి మార్చుకుందాం. కాదంటే మీ యజమాని దగ్గరే తేల్చుకుంటాను" అన్నారు.

యజమాని దాకా వెళ్తే ఈసారి చిరిగేది నా చీటీయే. "మార్చుకుందాం, దానిదేముంది" అన్నాను. ఆయన పరుపు సర్దడానికి పైకి వెళ్లారు. చవక పరుపు ఇచ్చి ఖరీదైన పరుపు తెచ్చుకుంటున్నానని ఒక పక్క సంతోషం, ఒక పక్క భయం.

మా ఆవిడా నేనూ చెరోవైపు పట్టి పరుపు ఎత్తాం. మంచం పట్టీల సందుల్లోంచి కింద ఒక చాప, మావగారి పాత దుప్పటి, ఆయన తలగడ కనిపించాయి.

"అమ్మా, నువ్వు కింద పడుకుంటున్నావా?"

అత్తయ్యగారు కొంగు సర్దుకున్నారు. "రోజూ పొద్దున్నే ఆశగా గుమ్మంలో నిలబడతావు. నిద్ర పట్టలేదని ఏ నోటితో చెప్పనే?"

"అంత డబ్బు పోసి తెచ్చాం కదమ్మా."

"అంతేం పోయలేదులే" అని నా వైపు చూశారు. "జేబు ఖాళీ అయినవాడు ఆ రాత్రి అటూ ఇటూ దొర్లుతాడు. అల్లుడుగారు హాయిగా గురకపెట్టారు. గోడకి ఇవతల నేను మేలుకునే ఉన్నాగా."

మా ఆవిడ పరుపు వదిలేసింది. బరువంతా నా మీద పడింది.

"మా అమ్మ నిద్రక్కూడా చీటీ మార్చారా?"

అరవలేదు. అరిచినా బాగుండేది. నేను నేల చూపులు చూస్తూ పరుపు మోస్తూ నిలబడ్డాను.

"మరి నాతో ఎందుకు చెప్పలేదు?" అని తల్లినడిగింది.

"చెబితే నువ్వు ఆయన్ని నిద్రపోనిస్తావా? ఆ గురక ఆగిపోతే నాకొచ్చే కాస్త కునుకూ రాదు. మీ నాన్నదీ అచ్చం అలాగే ఉండేది. ఎన్ని తిట్లు తిట్టానో దాన్ని. ఇప్పుడు దానికోసమే చెవులప్పగించి పడుకుంటున్నాను."

మా ఆవిడ ఉత్త మంచం మీద కూర్చుని ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది గానీ రెండు చేతులూ ఖాళీగా లేవు.

తర్వాత నన్ను పైకి పంపింది, ఉన్నమాట చెప్పి రమ్మని. చెప్పాను. గ్యారంటీగారు నన్ను ఎగాదిగా చూశారు.

"పరుపివ్వడం ఇష్టంలేక చవకదని వంక పెడుతున్నారా? నా నడుముకి తెలీదూ?"

తేడా డబ్బు ఇవ్వబోతే అనుమానం ఇంకా ముదిరి, కిందకొచ్చి తన పరుపు పడేసి మాది లాక్కుపోయారు. మళ్లీ నడుం మాట ఎత్తలేదు. రెండిట్లో ఏది మంచిదో నాకు ఇప్పటికీ తెలీదు.

ఖరీదైన పరుపు ఇప్పుడు చిన్న గదిలో ఉంది. దానిమీద తల్లీ కూతుళ్లు పడుకుంటారు. నాకు ఆ గది గుమ్మం బయట చాప వేశారు. తలుపు తీసే ఉంచుతారు. అది నాకు శిక్ష, అత్తయ్యగారికి మందు. చిక్కేమిటంటే చాప మీద నాకు నిద్ర పట్టదు. నిద్ర లేనివాడికి గురక ఎక్కణ్నుంచి వస్తుంది?

"అమ్మ పడుకునేదాకా పెట్టండి. ఆపాటి నటన మీకు కొత్తా?" అంది మా ఆవిడ.

మొదటి రాత్రి నా శక్తికొద్దీ ఒక గురక తీశాను. చీకట్లోంచి అత్తయ్యగారి గొంతు వినిపించింది.

"అల్లుడుగారూ."

"ఆఁ?"

"ఇది చవకరకం."

మా ఆవిడ నవ్వింది. మావగారు పోయాక ఆ గదిలో నవ్వు వినిపించడం అదే మొదలు. నేను అటు తిరిగి, గొంతు సవరించుకుని, ఇంకాస్త ఖరీదైనది మొదలుపెట్టాను.