బాబాయి బండికి లారీ హారన్

బండికి బ్రేకులనేవి పిరికివాళ్ళ కోసం పెట్టినవి. ధైర్యవంతుడికి హారన్ చాలు!

కంగారు పడకండి. ఊరికే నోటికొచ్చింది అనడం లేదు. రోజూ పొద్దున మా బాబాయి మోటారుసైకిలు వెనక కూర్చుని పళ్ళ డాక్టరు గారి క్లినిక్కులో పనికి వెళ్ళే మనిషిని నేను. వెనక సీటులో కూర్చున్నవాళ్ళకి చేయడానికి పనేమీ ఉండదు కాబట్టి ఆలోచించడానికి బోలెడంత తీరిక దొరుకుతుంది. అలా ఆలోచించి తేల్చిన సత్యం ఇది.

అసలు సంగతి మా వీధి టైలరమ్మతో మొదలైంది. ఎప్పుడో ఓ పెద్ద జ్వరం వచ్చి ఆవిడకి వినికిడి పోయింది. ఇల్లు రోడ్డుకి ఈ పక్క, కుట్టుమిషను పెట్టుకున్న గది ఆ పక్క. దారం మరిచిపోయి ఓసారి, మంచినీళ్ళకి ఓసారి, పొయ్యి కట్టేశానో లేదోనని ఓసారి, రోజంతా దాటుతూనే ఉంటుంది. అటు చూస్తుంది, ఇటు చూస్తుంది, చెయ్యి పైకెత్తుతుంది, అడుగేస్తుంది. ఆవిడకి వినపడదని వీధిలో అందరికీ తెలుసు. అందుకని ఎంత తొందరలో ఉన్నవాడైనా ఆ గది దగ్గరికి రాగానే బండి నెమ్మది చేసేవాడు. చూశారా, ఎంత వెనకబడిన వీధో!

ఓ రోజు బాబాయి బండి ఆవిడ చేతిసంచిని రాసుకుంటూ పోయింది. ఆవిడకేమీ కాలేదు గానీ బాబాయికి ముచ్చెమటలు పోశాయి. పాపం, మనసు మంచిది. ఇంటికొచ్చి కాళ్ళు కూడా కడుక్కోకుండా గడప మీద కూర్చుని లోపం ఎక్కడుందో కనిపెట్టాడు. మా బండి హారన్ పొలమారిన మేకపిల్లలా కూస్తోంది. అది ఆవిడకేం వినపడుతుంది?

"పెద్దది పెట్టించాలి," అన్నాడు.

"ఆవిడకి అసలు చెవులే వినపడవు కదండీ," అంది పిన్ని.

"అందుకేగా పెద్దది!"

పిన్ని గరిటెతో నుదురు కొట్టుకుంది. తర్వాత నా వంక తిరిగి, "నువ్వు మాత్రం గట్టిగా పట్టుకుని కూర్చోవే," అని లోపలికి వెళ్ళిపోయింది.

మెకానిక్కు బండి చుట్టూ తిరిగి పెదవి విరిచాడు. "హారన్‌కేముంది సార్, ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. వెనక బ్రేకు షూలు అరిగి కాగితాలైపోయాయి. ముందు అవి మారుద్దాం."

"బ్రేకు ఎందుకయ్యా?"

"ఆగడానికి సార్."

"ఎవరు?"

"ఎవరేంటి సార్, మీరే."

"నా దారిన నేను పోతుంటే నేనెందుకు ఆగుతాను? నువ్వు హారన్ పెట్టు. ఆగాల్సినవాళ్ళు ఆగుతారు."

మెకానిక్కు నా వంక చూశాడు. నేను గోడ మీది టైర్ల వంక చూశాను. "నాదేం పోయింది సార్, వెనక కూర్చునేది అమ్మాయిగారు," అని గొణుక్కుంటూ లారీ నుంచి విప్పిన హారన్ ఒకటి తెచ్చి బిగించాడు. దాని బరువుకి బండి ముందుకి ఒరిగి, ఎవరికో దణ్ణం పెడుతున్నట్టు నిలబడింది.

ఇక అక్కడి నుంచి వీధికి ఎన్ని లాభాలు కలిగాయో చెబితే మీరు నమ్మరు!

రిటైరైన హెడ్మాస్టరు గారి సంగతే తీసుకోండి. మోకాళ్ళు వంగవని ఆయన చేతికర్ర పట్టుకుని అడుగులో అడుగేసేవారు. డాక్టర్లు నూనెలు రాశారు, పట్టీలు వేశారు. లాభం లేకపోయింది. మా బాబాయి వెనకగా వచ్చి ఒక్కసారి మోగించాడు. అంతే! హెడ్మాస్టరు గారు మురుగు కాలువ అవతలి గట్టు మీద ఉన్నారు. కర్ర మాత్రం ఇవతలే ఉండిపోయింది. ఇప్పుడు చెప్పండి, ఏ డాక్టరు చేయగలడు ఆ వైద్యం?

మా క్లినిక్కుకీ మేలే జరిగింది. బాబాయి నన్ను గుమ్మం ముందు దింపి, వెళ్ళొస్తానని చెప్పడానికి బదులు హారన్ కొడతాడు. నోరు అలిసిపోకుండా! అలా ఓ పొద్దున కొట్టేసరికి, లోపల కుర్చీలో నోరు తెరుచుకుని ఉన్న పెద్దమనిషి ఎగిరి తలుపు దగ్గర పడ్డాడు. ఆయన పన్ను మాత్రం డాక్టరు గారి పట్టకారులోనే ఉంది. అది పుచ్చిన పన్నా కాదా అని అడక్కండి. ప్రతి మంచిపనిలోనూ లోపాలు వెతికేవాళ్ళు ఉంటారు.

అన్నిటికన్నా గొప్పది సమానత్వం. ఇన్నాళ్ళూ రోడ్డు మీద లారీకి ఒక గౌరవం, మోటారుసైకిలుకి ఒక గౌరవం ఉండేవి. ఇప్పుడు మేం వెనక నుంచి వస్తుంటే జనం లారీ అనుకుని గోడలకి అతుక్కుపోతారు. తిరిగి చూస్తే ఒక బక్కపలచని మనిషి, ఆయన వెనక టిఫిన్‌బాక్సు పట్టుకుని నేను! వాళ్ళ మొహాల్లో కనిపించే నిరాశ చూస్తే నాకే జాలేసేది. ఓసారి ఒకావిడకి సారీ కూడా చెప్పాను. నా మాట హారన్‌లో కలిసిపోయింది.

మంచిని చూసి నేర్చుకోవడం మా వీధి స్వభావం. వారం తిరక్కుండా పాలు పోసే అతను రైలు కూత పెట్టించాడు. రొట్టెల అబ్బాయి సైకిలుకి అంబులెన్సు మోత తగిలించాడు. ఎవరి ప్రాణమైనా పోతోందేమోనని జనం దారిస్తే, పోయేది వేడివేడి రొట్టె. స్కూలు వ్యానుకి మాత్రం పసిపిల్ల ఏడుపు పెట్టించారు. లోపల పిల్లలు నిజంగా ఏడ్చినా తేడా తెలియకుండా ఉంటుందని కాబోలు!

ఎర్రదీపం దగ్గర కూడా మేం చేతులు ముడుచుకుని కూర్చోం. అందరం కలిసి మోగిస్తాం. కాసేపటికి అది పచ్చదీపం అవుతుంది. మోగించకపోతే అయ్యేదా? మీలో ఎవరైనా పరీక్షించి చూశారా? లేదు కదా! మరి మాట్లాడకండి.

ఇంత అభివృద్ధి జరిగాక టైలరమ్మ గది దగ్గర బండి నెమ్మది చేయడం అందరూ మానేశారు. ఎందుకు చేయాలి? హారన్ కొడుతున్నాం కదా! బాబాయి కుడికాలు బ్రేకు సంగతే మరిచిపోయింది. పనంతా ఎడమచేతి బొటనవేలిదే. ఆ వేలు మీద కాయ కూడా కాసింది.

నేను వెనక నుంచి, "బాబాయ్, టైలరమ్మ..." అని రోజూ గుర్తుచేసేదాన్ని.

"చూశానులే అమ్మాయ్, కొడుతున్నానుగా!" అనేవాడు రోజూ.

అలా ఓ పొద్దున ఆవిడ కుట్టిన స్కూలు యూనిఫాముల మూట చంకలో పెట్టుకుని రోడ్డు దిగింది. మూట మా వైపు ఉండటంతో ఇటు పూర్తిగా చూడలేకపోయింది. చెయ్యి మాత్రం ఎత్తింది. బాబాయి బొటనవేలు నొక్కాడు. హెడ్మాస్టరు గారు కాలువ దాటేశారు. పాల క్యాను దొర్లిపోయింది. మేడ మీద పసిపిల్ల లేచి కేరుమంది. కుక్కలన్నీ సందుల్లోకి దూరాయి. వీధిలో ఉన్న ప్రాణులన్నీ తప్పుకున్నాయి, ఒక్క టైలరమ్మ తప్ప.

"బాబాయ్! బ్రేకు!" అని అరిచాను.

బాబాయికి వినపడలేదు. హారన్ మోగుతోంది కదా.

చివర్లో కాలు బ్రేకు మీద పడింది గానీ, అరిగిపోయిన బ్రేకు ఏం పట్టుకుంటుంది? బండి మూటని కొట్టింది, మూట ఆవిడని పడేసింది. యూనిఫాములు రోడ్డంతా పరుచుకున్నాయి. మేం కాలువ పక్కన తేలాం. మా ఇద్దరికీ గీతలే. ఆవిడ కుడిచెయ్యి మణికట్టు దగ్గర విరిగింది.

కత్తెర పట్టే చెయ్యి.

వెంటనే వీధంతా చేరింది, న్యాయం చెప్పడానికి.

"నేను హారన్ కొట్టానా లేదా? మీరే చెప్పండి!" అన్నాడు బాబాయి, మోచేయి పట్టుకుని.

"కొట్టాడు, కొట్టాడు! మా ఇంట్లో గ్లాసులు కదిలాయి," అన్నాడు పాలు పోసే అతను.

"అంత మోత కూడా వినపడకపోతే ఎలాగమ్మా?" అన్నారు హెడ్మాస్టరు గారు, కాలువ అవతలి నుంచి.

ఇంతమంది సాక్షులు ఏ కేసులో దొరుకుతారు చెప్పండి! మా బాబాయి నిర్దోషి అని ఒక్క మాట మీద తేలిపోయింది. అందరూ ఏమంటున్నారో టైలరమ్మ కూతురు పెదాలు నెమ్మదిగా కదుపుతూ తల్లికి చెప్పింది. ఆవిడ విరిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, తమ మాట తమకే వినపడనివాళ్ళు మాట్లాడే పెద్ద గొంతుతో అడిగింది.

"తమ్ముడూ, నేను నీకు కనపడ్డానా?"

"కనపడ్డావు కాబట్టే కొట్టానక్కా!"

కూతురు ఆ జవాబు తల్లికి చెప్పలేదు. ఆటో పిలవడానికి వెళ్ళింది.

నేనూ వీధి తీర్పునే సమర్థిస్తున్నాను. తప్పంతా టైలరమ్మదే! అందరూ తలా ఇంత కష్టపడి చెవులు పోగొట్టుకుంటున్న రోజుల్లో ఆవిడ ముందే పోగొట్టుకుని కూర్చుంటే ఎవరేం చేయగలరు? మన జాగ్రత్త ఎదుటివాళ్ళ చెవుల్లో పెట్టేసి మనం నిశ్చింతగా పోవడమే కదా రోడ్డు భద్రతంటే!

అయితే ఒక్క చిన్న సంగతి నాకు కొరుకుడు పడటం లేదు. అది కూడా చెప్పి ముగిస్తాను.

నిన్న సాయంత్రం బాబాయి నన్ను తీసుకొస్తూ టైలరమ్మ గది ముందు బండి దిగాడు. మేనకోడలి పెళ్ళికి కుట్టమని ఆయన ఇచ్చిన ప్యాంటు గుడ్డ అక్కడే ఉందట. కత్తిరించి ఉంది, కుట్టి లేదు. పెళ్ళేమో ముంచుకొస్తోంది. టైలరమ్మ గుమ్మం వైపు వీపు పెట్టి, కట్టుకట్టిన చెయ్యి ఒళ్ళో ఉంచుకుని, ఎడమచేత్తో గుండీలు ఏరుతోంది.

బాబాయి పిలవలేదు. పిలిచినా వినపడదని ఆయనకి బాగా తెలుసు. హారన్ కొట్టలేదు. భుజం తట్టలేదు. చెప్పులు విప్పి, చేతులు కట్టుకుని, ఆవిడ తనంతట తాను ఇటు తిరిగేదాకా గుమ్మంలో నిలబడ్డాడు. చాలాసేపే పట్టింది. ఒక్కసారైనా విసుక్కోలేదు.

మా బాబాయికి ఆగడం రాదని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఎందుకు రాదండీ, బ్రహ్మాండంగా వచ్చు. ఆయన ప్యాంటు ఆవిడ దగ్గర ఉండాలి, అంతే!