శాశ్వతంగా మూసివేయబడిన మా అక్క

కళ్ళతో చూసినదాన్ని నమ్మే మనుషులంటే నాకు జాలి. ఇంకా ఏ కాలంలో ఉన్నారండీ మీరు? ఎదురుగా షాపు కనిపించినంత మాత్రాన అక్కడ షాపు ఉన్నట్టేనా? మ్యాపు ఒప్పుకోవద్దూ!

మన వీధులన్నీ ఫోనులో గీసి, ప్రతి కొట్టు నెత్తినా ఒక ఎర్ర గుండుసూది గుచ్చి, పక్కన ఫిల్టర్లు పెట్టిన ఆ మ్యాపు సైటుకు నేను పరమ భక్తుణ్ణి. ఈ కాలమ్ రాసే పెద్దమనిషికి వేరే పని లేదా అంటారేమో. లేదు. పొద్దున్నే కాఫీ కప్పుతో కూర్చుని ఫోనులో మా వీధి తెరుస్తాను. కిటికీ తెరిచినా అదే వీధి కనిపిస్తుంది, నిజమే. కానీ కిటికీకి ఫిల్టర్లేవీ?

పూర్వం పంటి నొప్పి వస్తే మనిషి ఏం చేసేవాడు? పక్కింటాయన్ని అడిగేవాడు. ఆయన ఎవరో డాక్టరు పేరు చెప్పేవాడు. ఈయన వెళ్ళి పన్ను పీకించుకుని వచ్చేవాడు. ఎంత అనాగరికం! మొన్న నాకు నొప్పి వస్తే పద్ధతిగా సైటు తెరిచాను. 'దంతవైద్యులు' నొక్కితే గుండుసూదులు కుప్పలుగా పడ్డాయి. 'ఇప్పుడు తెరిచి ఉన్నవి' అంటే సగం రాలిపోయాయి. 'నాలుగు స్టార్ల పైన' అన్నాను. 'పార్కింగ్ ఉన్నవి' అన్నాను, నాకు బండి లేకపోయినా. 'పెంపుడు జంతువులకు ప్రవేశం' కూడా నొక్కాను, ఎందుకంటే ఖాళీ పెట్టె కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు. ఫలితాలు సున్నా. మ్యాపును కొంచెం దూరం జరపండి అంది సైటు. జరిపాను. ఇంకొంచెం అంది. జరపగా జరపగా సముద్రం అవతల ఒకాయన దొరికాడు. ఐదు స్టార్లు! నొప్పి తగ్గలేదు గానీ భూగోళం మీద మంచి పట్టు చిక్కింది.

ఈ ఫిల్టర్ల సౌకర్యం బంధువులకు కూడా ఉంటే ఎంత బాగుండును అని మా ఆవిడతో అన్నాను. 'చెప్పకుండా వచ్చేవారు', 'వచ్చాక కదలనివారు' అని రెండు పెట్టెలుంటే చాలు, మా ఇల్లు బాగుపడుతుంది. మా ఆవిడ తన వంతుగా 'చెప్పిన పని చేసేవారు' అనే పెట్టె కోరింది. అది నొక్కితే నేను మ్యాపు మీద నుంచి మాయమైపోతానట. ఆవిడకు టెక్నాలజీ మీద గౌరవం తక్కువ.

ఇక అసలు సంగతికి వస్తాను.

మా వీధి చివర మా అక్కకు చిన్న కొట్టుంది. గొడుగులు బాగుచేస్తుంది, సంచులకు జిప్పులు వేస్తుంది, పెట్టెలకు చక్రాలు బిగిస్తుంది, తెగిన పట్టీలు కుడుతుంది. అవసరమైతే నా నోరు కూడా కుడుతుంది. బావ పోయాక ఆ ఇల్లు ఆ కొట్టు మీదే నడుస్తోంది. ఇప్పుడు ఆ కొట్టుకే ఎసరొచ్చింది.

వివరంగా చెబుతాను. మధ్యాహ్నం భోజనం అయ్యాక అక్క షట్టరును మోకాలి ఎత్తు వరకు దించి, లోపల చాప మీద ఓ కునుకు తీస్తుంది. షట్టరు మోకాలి దగ్గరుంటే అక్కను లేపకూడదని వీధిలో అందరికీ తెలుసు. విరిగిన గొడుగును ఆ సందులోంచి లోపలికి తోసి, చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోతారు. సాయంత్రం వచ్చి తీసుకుంటారు. ఎవరి గొడుగు ఏదో అక్కకు తెలుసు.

సరిగ్గా ఆ వేళకు సైటు తరఫున తనిఖీ ఆఫీసరొకాయన హెల్మెట్ తియ్యకుండానే దిగాడు. షట్టరు చూశాడు. అంతలో ఎవరో ఒకాయన వచ్చి విరిగిన గొడుగు లోపలికి తోసి పోయాడు. వెనకే ఒకావిడ పిడి ఊడిన సంచీ తోసి పోయింది. ఆఫీసరుకు విషయం అర్థమైపోయింది. ఫోటో తీసి, సైటులో రాసి, బండెక్కాడు. ఏం రాశాడు? 'శాశ్వతంగా మూసివేయబడినది. జనం పాత సామాను పారేస్తున్నారు.'

ఆయన్ని నేను తప్పుపట్టను. కునుకు తీస్తున్న మనిషిని లేపకపోవడం సంస్కారం కదా!

ఆ రోజు నుంచి జనం కొట్టు ముందు నిలబడి, ఫోను చూసుకుని, అయ్యో మూసేశారే అనుకుంటూ వెళ్ళిపోవడం మొదలుపెట్టారు. అక్క లోపల్నుంచి రండి రండి అని పిలుస్తూనే ఉంది. ఒకాయనైతే ఆగి, ఇక్కడ గొడుగులు బాగుచేసే ఆవిడ ఉండేదట, ఎటు వెళ్ళిందో తెలుసా అని అక్కనే అడిగాడు.

కొట్టు గదిని అక్కకు అద్దెకిచ్చిన యజమాని వేరే ఊళ్ళో ఉంటాడు. ఆయనకు ఈ వీధి తెలిసింది మ్యాపులోనే. అక్కకు ఫోను చేశాడు.

"అద్దె సరిగ్గానే వస్తోందమ్మా. కానీ మ్యాపులో మూసేశారని ఉందే. వచ్చే నెల ఇంకెవరికైనా ఇద్దామనుకుంటున్నా."

"నేను కొట్టులోనే కూర్చుని మాట్లాడుతున్నానండీ."

"అని మీరంటున్నారు," అన్నాడాయన.

చూశారా ఎంత నిష్పక్షపాతం! ఎవరి మాటా నమ్మకూడదు, ముఖ్యంగా లోపలున్నవాళ్ళ మాట.

అక్క నా దగ్గరికొచ్చింది. తమ్ముడు రాతగాడు కదా, నాలుగు ముక్కలు గట్టిగా రాసి పంపుతాడని ఆశ. రాయాల్సిన పనేముంది, ఫోటో పంపితే చాలంది సైటు. అక్క షట్టరు బార్లా తెరిచి, చుట్టూ గొడుగులు పేర్చుకుని, మంచి చీర కట్టుకుని కూర్చుంది. ఫోటో తీసి పంపాను. క్షణంలో జవాబు: 'ఈ ఫోటో మా దగ్గరున్న ఫోటోతో సరిపోలడం లేదు.' వాళ్ళ దగ్గరున్నది షట్టరు దించిన ఫోటో కదా! ఎలా సరిపోలుతుంది? సరే, అక్కను లోపలికి పంపి, షట్టరు మోకాలి ఎత్తుకు దించి, మళ్ళీ తీసి పంపాను. సరిపోలింది! 'షాపు మూసి ఉన్నదని నిర్ధారించినందుకు ధన్యవాదాలు' అని పూలగుత్తి బొమ్మ కూడా పంపారు.

తెరిచి ఉందని చెప్పాలంటే మూసి చూపించాలి, మూసి చూపిస్తే మూసినట్టే. ఇందులో దోషమెక్కడుంది? నేను వెతికాను, దొరకలేదు. అక్క మాత్రం నన్ను, సైటును కలిపి ఒకే తిట్టు తిట్టింది. రెండు తిట్లు దండగ అనుకుందేమో.

నేను పట్టు వదల్లేదు. సైటులో అడుగు దాకా దిగాను. మూతపడిన స్థలాన్ని తెరిచే దారి లేదు గానీ, దాని విభాగం మార్చుకునే దారి ఉంది. మొదట అక్క కొట్టును వాళ్ళు 'ఇతరములు'లో పడేశారు. గొడుగుకు వాళ్ళ దగ్గర పెట్టె లేదు మరి. మూతపడ్డాక మారడానికి ఒకటే విభాగం మిగిలింది: 'చారిత్రక ప్రదేశాలు'. నొక్కేశాను.

అంతే! మర్నాటి నుంచి జనమే జనం. మెడలో కెమెరాలు, చేతిలో నీళ్ళ సీసాలు. షట్టరు తుప్పును తాకి చూస్తున్నారు. మా వీధివాళ్ళు గొడుగులు లోపలికి తొయ్యడం చూసి, ఇదేదో స్థల మహిమ అనుకుని, వాళ్ళూ తొయ్యడం మొదలుపెట్టారు. 'విరిగిన వస్తువు లోపలికి తోస్తే సాయంత్రానికి బాగై వస్తుంది, నా కళ్ళారా చూశాను' అని ఒకావిడ రాసి ఐదు స్టార్లిచ్చింది. నిజంగానే బాగై వస్తోంది కదా! అక్కకు చేతినిండా పని. నాలుగున్నర స్టార్లు చూసి యజమాని పొంగిపోయి, కొట్టు ఎవరికీ ఇవ్వనన్నాడు. ఫిల్టర్ల వల్ల బాగుపడ్డ కుటుంబం మాది అని ఈ వ్యాసం ఇక్కడే ముగిద్దామనుకున్నాను. ముగించి, సంతకం కూడా పెట్టాను.

అప్పుడు కొత్త అభిప్రాయాలు వచ్చాయి. 'శిథిలం బాగుంది. లోపల ఒకావిడ కూర్చుని ఉండటం వల్ల ఫోటో పాడైంది. రెండు స్టార్లు తగ్గించాను.' దాని కింద మరొకాయన: 'నిజమే. మేం వెళ్ళినప్పుడూ ఉంది.' నాలుగున్నర మూడుకొచ్చింది. నిన్న యజమాని మళ్ళీ ఫోను చేశాడు. నేను పక్కనే ఉన్నాను.

"అమ్మా, ఆ లోపల కూర్చునే ఆవిడెవరో కాస్త లేపి పంపించెయ్యండి. స్టార్లు పడిపోతున్నాయి."

"అది నేనేనండీ."

"మంచిది. మీరే చెబితే వింటుంది."

అక్క ఫోను పెట్టేసి, చేతిలో గొడుగు ఊచను అటూ ఇటూ తిప్పింది. తర్వాత అంది, "ఒరేయ్, మూసేశారన్నారు, ఊరుకున్నాను. పాతబడిపోయానన్నారు, అదీ ఊరుకున్నాను. ఇప్పుడు అడ్డమన్నారు. ఇంతకీ నన్నెక్కడ కూర్చోమంటార్రా?"

నాకు ఒళ్ళు మండింది. భక్తుణ్ణి కాబట్టి బయటికి అనలేదు. ఫిల్టర్లన్నీ మళ్ళీ తెరిచి, మొదటి నుంచి చివరి దాకా వెతికాను. పార్కింగుకు పెట్టె ఉంది. వైఫైకి ఉంది. కుక్కకు ఉంది, పిల్లికి ఉంది. మా అక్కకు లేదు.

అందుచేత పాఠక మహాశయులకు మనవి. వానలు మొదలయ్యాయి, మీ ఇంట్లో విరిగిన గొడుగులుంటాయి. ఫోను జేబులో పెట్టుకుని మా వీధికి రండి. చివరిదాకా నడిచి, ఎడమవైపు తుప్పు షట్టరు ఎక్కడని ఎవరినడిగినా చెబుతారు. ఆ షట్టరు మోకాలి ఎత్తులో ఉంటే మా అక్క పడుకుందని అర్థం. గొడుగు లోపలికి తోసి, చప్పుడు చెయ్యకుండా వెళ్ళండి. సాయంత్రం లేస్తుంది.