మా కారు ఇంజనుపై జాయింట్ నోట్

బిలాస్‌పూర్ రైల్వే కాలనీ వాసులందరికీ సంతోషంతో తెలియజేయునదేమనగా, మా కారు ఇంజను నిక్షేపంగా ఉన్నదని తేలినందున, దాన్ని ఏకగ్రీవంగా విప్పించడమైనది.

మా పెళ్లయి నలభై రోజులు. లోకో షెడ్డులో రిటైరైన మామగారు తిరుమలరావు గారు తమ పాత కారును మాకు కానుకగా ఇచ్చారు. శనివారం అందులో నేనూ మా ఆయన ప్రవీణూ, ఇద్దరమే, విహారానికి అమర్‌కంటక్ కొండలకు వెళ్లాలి. గది కూడా మాట్లాడుకున్నాం. ఇంతలో గోల్ బజార్‌లో కారు నా చేతుల్లో గజగజ వణికింది. పెద్ద గ్యారేజీవారు బానెట్ ఎత్తకుండానే ఇంజను విప్పాలన్నారు, ఎనభై వేలన్నారు. వాళ్లిచ్చిన కాఫీ మాత్రం అద్భుతం.

"ఒక్కడి మాట మీద ఇంజను ఇప్పేత్తారేటి? జాయింట్ నోట్ రాయాల" అన్నారు మామగారు.

రైలు దారిలో ఆగిపోతే అన్ని శాఖలవారూ కలిసి చూసి, తప్పు తమది కాదని సంతకాలు పెట్టే కాగితమే జాయింట్ నోట్.

ఆదివారం మా క్వార్టరు ముందు కమిటీ కూర్చుంది. ఇంజను తరఫున మామగారు. "నా సర్వీసులో ఇంజను తప్పన్నది లేదు. చక్రాలు చూడండి" అని తేల్చేశారు. వ్యాగన్ల శాఖలో రిటైరైన సన్యాసిరావు గారు అలవాటుగా చక్రాలను సుత్తితో కొట్టి చెవి పెట్టారు. రబ్బరు పలకలేదు. అయినా శాఖ గౌరవం దృష్ట్యా "భేష్" అని రాశారు. సిగ్నల్ శాఖ పైడిరాజు గారు "కారుకి సిగ్నలే లేదు కదర్రా!" అంటూ అందరికంటే ముందు సంతకం పెట్టి, పకోడీల ప్లేటు దగ్గరకు లాక్కున్నారు.

ఇక మిగిలింది నడిపిన మనిషి. కోడలు ఏడు రోజుల్లో వివరణ ఇచ్చుకోవాలని తీర్మానించారు. ఆ గంభీర క్షణంలో ప్రవీణ్ నాకో పకోడీ దొంగతనంగా అందించాడు. అంత రుచైన పకోడీ నేనెన్నడూ తినలేదు.

మర్నాడు ఇద్దరం ఎవరికీ చెప్పకుండా ఊరి చివర సిర్గిట్టిలో మెకానిక్ ఎర్రయ్య రేకుల షెడ్డుకు వెళ్లాం. ఆయన బానెట్ ఎత్తి వేలు పెట్టి చూపించాడు.

"ఎలక కొరికీసినాదమ్మా, ఈ తీగ."

తీగ మార్చాడు. వణుకు ఆగిపోయింది.

"ఎంతివ్వాలి బాబాయ్?"

"దీనికేటిస్తావు? కొత్త జంట, టీ తాగి ఎల్లండి."

ఆనందం పట్టలేక స్టేషను చుట్టూ మూడుసార్లు తిరిగాం.

సంగతి తెలిసి కమిటీ అత్యవసరంగా సమావేశమైంది.

"డబ్బులు పుచ్చుకోలేదా? అచ్ఛా! అయితే లోపల ఏదో పీకేసుంటాడు" అన్నారు సన్యాసిరావు గారు.

"కారు నడుస్తోంది కదా బాబాయ్!" అన్నాడు ప్రవీణ్.

"నడుత్తాదిరా. రేపు ఆగితే ఎవడి మీద రాత్తాం? ఆడి దగ్గర బిల్లేదీ?" అన్నారు మామగారు.

ప్రవీణ్ కారు తాళాలు తెచ్చి కమిటీ ముందు పెట్టాడు. కారు గ్యారేజీకి వెళ్లింది. అమర్‌కంటక్ డబ్బు దాని వెంటే వెళ్లింది. శనివారం మేమిద్దరం ప్యాసింజరెక్కి దగ్గర్లోని కోటా స్టేషను దాకా వెళ్లి, ప్లాట్‌ఫాం మీద వేడి భజియాలు తిని తిరిగొచ్చాం. కిటికీ సీటు దొరికింది!

ఇంజను లోపల ఏ లోపమూ లేదని గ్యారేజీవారు బిల్లు మీదే రాసిచ్చారు. తమ నోట్ నిజమైందని మామగారు పొంగిపోయి దానికి ఫ్రేము కట్టించారు. కాలనీవాళ్లు వచ్చి చూసి, గ్యారేజీ నంబరు రాసుకొని వెళ్తున్నారు.

ఎర్రయ్య నంబరు కూడా నా దగ్గరుంది. ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

ఇంత చదివి, మీరూ అడగలేదు.