శుద్ధబింబం కనబడేదాకా

గ్రహణం విడిచిందని తేల్చవలసింది చంద్రుడా, చూసేవాడా? ఈ ప్రశ్న తేలనందువల్లనే దక్షిణ ధ్రువం మీది హిమసదనం పరిశోధన కేంద్రంలో వకుళ కడుపులోని బిడ్డ పదిహేనో నెలలో కూడా పుట్టకుండా ఆగి ఉంది.

ఆగడం బిడ్డ కోరిక కాదు. సెప్టెంబరులో, వకుళకు నెలలు నిండిన వారంలో, పౌర్ణమి చంద్రుడు మంచు మైదానం అంచున దొర్లుతూ ఉండగా గ్రహణం పట్టింది. ధ్రువం దగ్గర చంద్రుడు మన ఊళ్లలో లాగా నడినెత్తికి ఎక్కి దిగడు. క్షితిజాన్ని ఒరుసుకుంటూ చుట్టూ తిరిగి, కొద్దికొద్దిగా కుంగి, ఒక పక్షం పాటు కనబడకుండా పోతాడు. ఆనాడు గ్రహణం విడవకముందే కుంగిపోయాడు.

పట్టు వదలని బింబం అస్తమిస్తే, మళ్లీ ఉదయించిన శుద్ధబింబాన్ని చూసేదాకా గ్రహణ నియమాలు పాటించాలని ఆచారం. మన ఊళ్లలో అది ఒక పూట పస్తు. కేంద్రం అధిపతి పరాంకుశం గారు ఆచార సంఘాన్ని సమావేశపరిచి, ధ్రువానికీ అదే వర్తిస్తుందని తీర్మానించారు.

"హైదరాబాదులో ఆ రాత్రే విడిచిందంటండీ. స్నానాలు చేసి అన్నాలు కూడా తిన్నారంట," అన్నది కేంద్రం వైద్యురాలు జూడిత్.

"హైదరాబాదులో వాన పడితే మనం ఇక్కడ గొడుగు పట్టుకుంటామా అమ్మా? ఎవరి క్షితిజం వారిది."

"మరి వకుళకి నొప్పులొస్తేనో?"

"రావు. నోటీసు అంటించాం."

నిజంగానే రాలేదు. తెచ్చుకున్న దర్భ ఊరగాయ జాడీల మీద వేయడానికే సరిపోయింది కనుక, మిగిలిన ఆహారపు డబ్బాలకు గుడారాల పచ్చ నైలాను తాడును దర్భగా గుర్తించారు. వృద్ధులకు ఉపవాసం లేదు కనుక సంఘ సభ్యులందరూ ఆ సాయంత్రమే వృద్ధులయ్యారు. జుట్టు కూడా నెరిసింది. తక్కినవారు పస్తున్నారు. బరువు తూచడం వాయిదా వేసినందువల్ల ఎవరూ చిక్కిపోలేదు. గర్భిణికి భోజనంలో మినహాయింపు ఉంది, కాని గ్రహణ వేళ ఆమె కదలరాదు కనుక కంచం దాకా వెళ్లే వీలు లేదు. తన మంచు పరీక్షలన్నీ వదిలి, కిటికీ పక్క మంచం మీద, దుప్పటి కట్టిన కిటికీ వైపు ముఖం పెట్టి, వకుళ తిన్నగా పడుకున్నది. ఆమెను ఇంటికి తీసుకుపోవలసిన విమానానికి గ్రహణం విడిచాకే దిగాలని వర్తమానం పంపారు. అది పైన తిరుగుతూనే ఉంది.

ఆమె భర్త కిరీటి జనరేటర్లు చూసేవాడు. పని ముగించుకుని వచ్చి మంచం పక్కన కూలబడేవాడు.

"ఆకలిగా ఉందే."

"నీ ఆకలి వాయిదా పడిందంట గదా. నోటీసు చదవలా?"

"చదివినా. అది కడుపుకి అర్థం కాలా."

అక్టోబరులో, పగటి వెలుతురులో, నెలవంక కనిపించింది. కిరీటి పరుగెత్తుకుంటూ పోయి చెప్పాడు. "ముక్కే కదా కనబడుతున్నది! తక్కినది రాహువు నోట లేదనడానికి ఆధారమేది?" అన్నారు పరాంకుశం. ఆధారం దొరకలేదు. చంద్రుడు నిండే వేళకు ప్రతి నెలా క్షితిజం కిందే ఉన్నాడు. ధ్రువంలో ఆ ఆరు నెలలూ అంతే.

గోడ అవతల జరిగే సమావేశాలు వింటూ బిడ్డకు మాటలు వచ్చాయి. మొదటి మాట "అమ్మ". రెండోది "పరిశీలనలో ఉంది". రోజూ నిద్ర లేవగానే, "అమ్మా, విడిచిందా?" అని అడిగేది. "లేదు కన్నా, తొంగో," అనేది వకుళ. మార్చి వచ్చేసరికి జూడిత్ ముఖం మారింది. "ఇంక లోపల చోటు లేదండీ. ఇంకో నెల ఆగితే తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు," అని సంఘం ముందు నిలబడి చెప్పింది. సంఘం సానుభూతి ప్రకటించింది.

ఆ నెల పౌర్ణమికి చంద్రుడు నిండుగా, మంచు అంచుకు ఆనుకుని లేచాడు. విడుపు స్నానాలకు డ్రమ్ములలో నీళ్లు కాగుతున్నాయి. పరాంకుశం స్టీలు పళ్లెం ఒకటి చేత పట్టి, చంద్రుడికి ఎదురుగా పెట్టి, ఒక కన్ను మూసి చూశారు.

"బింబం అడుగున నొక్కుకుపోయింది."

"అంచు దగ్గర గాలి పొరల వల్ల అట్టా కనపడుద్దండీ," అన్నది జూడిత్.

"కారణం అడగలేదమ్మా. ఆకారం చూస్తున్నాను."

సంఘం రెండుగా చీలింది. ఉపవాసం చెడనివారి సాక్ష్యం కావలసి వచ్చింది. పస్తున్నవారిని వరుసగా పిలిచి అడిగితే, ఆకలికి అందరికీ ఇద్దరేసి చంద్రులు కనబడ్డారు. చివరికి అందరూ వకుళ మంచం దగ్గరికి వచ్చారు.

"నీ మాట మీదే ఉన్నదమ్మా. బింబం ఎలా ఉన్నది?"

కిరీటి దుప్పటి ఎత్తాడు. వకుళ చాలాసేపు చూసింది.

"అడుగున కొంచెం అణిగినట్టు ఉండాది, అది గాలి. చంద్రుడు గుండ్రంగానే ఉండాడు. కుందేలు గూడా కనపడతా ఉండాది."

ఎవరో ఏడ్చారు. ఎవరో తువ్వాలు అందుకున్నారు.

"బాగా చూశావా?" అన్నారు పరాంకుశం.

"చూశానండీ."

"గ్రహణ చంద్రుణ్ణి గర్భిణి చూడకూడదని తెలుసు కదా?"

"ఇప్పుడు గ్రహణం లేదు గదండీ!"

"లేదని తేలకముందే చూశావు. చూడరానిది చూసినవారి సాక్ష్యం చెల్లదు."

"చూడమన్నది మీరే గదయ్యా!" అన్నాడు కిరీటి.

"ఎలా ఉన్నదని అడిగాం. చూడమనలేదు."

ఇందులో తప్పు పట్టడానికి ఏమీ కనబడలేదు. తువ్వాలు పట్టుకున్నవారు మడత పెట్టుకున్నారు. డ్రమ్ముల కింద మంట ఆర్పారు. తదుపరి పరిశీలన వచ్చే పౌర్ణమికి. కిరీటి దుప్పటిని తానే మళ్లీ కిటికీకి కట్టాడు. ముడి బిగిసిందో లేదో ఒకసారి లాగి కూడా చూసుకున్నాడు.

"అమ్మా, నువ్వు చూశావు గదా?" అన్నది బిడ్డ.

"చూశా కన్నా."

"మరి?"

"చూసినట్టు కాదంట."

బిడ్డ కొంతసేపు ఆలోచించింది. ఇన్ని నెలలూ, పిలుపు ఏ క్షణాన వచ్చినా బయలుదేరడానికి వీలుగా తల కిందికి పెట్టుకుని ఉన్నది. జూడిత్ ఉన్నట్టుండి వకుళ పొట్ట మీద చెయ్యి వేసి, చెవి ఆనించి, లేచి నిలబడింది.

"తిరుగుతోందండీ. తల పైకి తిప్పేసుకుంటోంది."

వకుళ వద్దనలేదు. బిడ్డ తిరగడానికి కాస్త చోటు దొరికేలా ఊపిరి బిగబట్టింది.