తొడలో విగ్రహం

చిక్కాల పేర్రాజు ఎడమ తొడలో, లోతుగా పోయే సిర నడిమధ్యన, రెండో శనివారం సెలవు చూసుకుని ఎవరో విగ్రహం నిలబెట్టేశారు. పనిదినాల్లో అయితే అధికారులు అడ్డుపడతారు కాబట్టి ఇలాంటివి సెలవుల్లోనే జరుగుతాయి. సోమవారానికి పిక్క బిగిసి, కాలు ఎర్రబడి, రెండో కాలికి అన్నగారంత లావైంది.

వాళ్ళకి స్థలం దొరకడంలో వింత లేదు. పేర్రాజు పనిచేసే ఆఫీసులో గుమాస్తాలకు సరిపడా కుర్చీలు లేవు. లేచినవాడిది కాదు, కూర్చున్నవాడిదే కుర్చీ. అందుకని ఆయన ఉదయం కూర్చుంటే సాయంత్రం దాకా మంచినీళ్ళు కూడా తాగేవాడు కాదు, తాగితే లేవాలి. అలా సిరా పారే ఆఫీసులో సిర ఆగిపోయింది. రాకపోకలు మందగించిన చోట రక్తమైనా, రాజకీయమైనా గడ్డకడుతుంది.

ప్రభుత్వాసుపత్రిలో డాక్టర్ నస్రీన్ తొడకి జెల్లు రాసి, స్కానింగు యంత్రంతో నొక్కి చూసింది. మంచి సిర నొక్కితే అణుగుతుంది. ఇది అణగలేదు. తెర మీద సిమెంటు దిమ్మ, దానిపై గోనెపట్టా కప్పి తాళ్ళతో బిగించిన ఆకారం కనిపించాయి. విగ్రహం ఎవరిదన్నది కమిటీ ఇంకా తేల్చలేదని, తేలిస్తే గొడవలవుతాయని కింద చిన్న బోర్డు కూడా ఉంది. డాక్టరు రిపోర్టులో ‘విగ్రహం, ముసుగుతో’ అని రాసింది.

పేర్రాజు భార్య వీరవేణి దాన్ని తీసేయమంది. పెట్టేదాకా అది ఎవరికీ పట్టదని, పెట్టాక శాంతిభద్రతల సమస్య అని డాక్టరు వివరించింది. రక్తం పలచబడే ఇంజెక్షను ఇస్తారు. దాంతో విగ్రహం కూలదు. దిమ్మకి కొత్త సిమెంటు అందదు, అంతే. ఉన్నదాన్ని ఒళ్ళే నెమ్మదిగా అరగదీసుకోవాలి.

“అంతవరకు ఒకటే భయమండి,” అంది డాక్టరు. “అది కదలకూడదు. కదిలిందంటే గుండె మీదుగా పోయి ఊపిరితిత్తుల్లో అడ్డం పడుద్ది. ఆ కాలు పిసకొద్దు, ఎవర్నీ పట్టనివ్వద్దు.”

ఆ మధ్యాహ్నమే విగ్రహ కమిటీ అధ్యక్షుడు బుల్లబ్బాయి పూలదండతో వార్డులోకి వచ్చి, ఊరేగింపుకి అనుమతి అడిగాడు. తొడ నుంచి పొట్టలోకి, అక్కణ్నుంచి గుండె కుడి గదుల మీదుగా ఊపిరితిత్తుల కూడలి చేరి, అక్కడ ముసుగు తీస్తారట. ఆసుపత్రి పెద్దాయన ఔననూ లేదు, కాదననూ లేదు. దరఖాస్తుని పరిశీలనలో ఉంచాడు.

వీరవేణి మంచానికి అడ్డంగా నిలబడింది.

“ఆయనకి ఊపిరాడదండి, బుల్లబ్బాయిగారూ.”

“కాసేపేనమ్మా. ఈ గడ్డ మాది. మా గడ్డతో మేం ఊరేగొద్దా?”

“గడ్డ మీదైతే కాలు మాదండి.”

“కాలు మీదే. కాదన్నామా? స్థలమిచ్చిన దాత అని దిమ్మ మీద ఆయన పేరు కూడా చెక్కించాం.”

ఆ మాటకి పేర్రాజు మెత్తబడ్డాడు. ఆఫీసులో ఆయన పేరు ఏ గుమ్మం మీదా లేదు. బుల్లబ్బాయి కృతజ్ఞతతో వంగి, వీరవేణి ఆపేలోపే, దాతగారి కాళ్ళు పట్టుకున్నాడు. పెద్దలంటే భక్తి ఉన్నవాడు కావడంతో పట్టుకుని ఊరుకోలేదు. పిక్క నుంచి తొడ దాకా గట్టిగా ఒత్తాడు.

పేర్రాజుకి ఛాతీలో పొడిచినట్టయింది. దగ్గితే నెత్తుటి చార పడింది. విగ్రహం ఇంకా తొడలోనే ఉందని, ముందు నడిచే మేళం మాత్రం ఊపిరితిత్తులకి చేరిపోయిందని డాక్టరు చూసి చెప్పింది. ఆక్సిజన్ పెట్టి, మిగతా జనం బయల్దేరేలోపు గడ్డ కరిగించే పెద్దాసుపత్రికి చేర్చమని అంబులెన్సు ఎక్కించింది.

మార్కెట్ కూడలిలో అంబులెన్సు ఆగింది. ఎదురుగా డప్పులు, జెండాలు, లారీ మీద పట్టా కప్పిన విగ్రహం. డ్రైవరు మర్యాదగా సైరను ఆపేశాడు. మోగిస్తే మనోభావాలు దెబ్బతింటాయి. వీరవేణి దిగి దారి అడిగింది. ఎవరూ కోప్పడలేదు. కాసేపేనమ్మా అని చెప్పి, ఎండగా ఉందని మజ్జిగ ప్యాకెట్ ఇచ్చారు.

ఆమె తిరిగొచ్చేసరికి పేర్రాజు పెదవులు నీలంగా ఉన్నాయి. మాస్కు కొంచెం జరిపాడు.

“గొడవెందుకే,” అన్నాడు. “వెళ్ళనీ.”

వీరవేణి మజ్జిగ పక్కన పెట్టి, ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుంది. డప్పులు దగ్గరయ్యాయి. అందరిలాగే ఆయన ఊపిరి కూడా ఓ పక్కకి జరిగి, దారిచ్చింది.