ఆళ్లగడ్డలో మొట్టమొదటి వాటర్ కూలింగ్

ఆ ఉదయం గిరీశ్ వేసుకున్న పథకం చాలా సులువైనది. ఆళ్లగడ్డలో బస్సెక్కి నంద్యాల వెళ్లడం, కంప్యూటర్‌ను నీళ్లతో చల్లబరిచే వాటర్ కూలింగ్ ఒకటి తక్కువలో కొనడం, మధ్యాహ్నానికి తిరిగొచ్చి ఓబులేసు గారి కూతురి పెళ్లి వీడియో పూర్తిచేయడం. సాయంత్రం రిసెప్షన్‌లో దాన్ని పెద్ద తెర మీద వేయాలి. కంప్యూటరేమో ఎడిటింగ్ మొదలుపెట్టగానే వేడెక్కి ఆగిపోతోంది. ఈ వీడియో కూడా చేతికందకపోతే గిరీశ్ స్టూడియో గడప ఇక ఏ పెళ్లివారూ తొక్కరు.

పనేదో చూసుకుని ఊరుకుంటే అతను గిరీశ్ ఎందుకవుతాడు? బస్సు కదలకముందే ఫోన్‌లో స్టేటస్ పెట్టేశాడు: "ఆళ్లగడ్డలో మొట్టమొదటి వాటర్ కూలింగ్ స్టూడియో!"

నంద్యాలలో కంప్యూటర్ షాపు మహేష్ ఆ ఉత్సాహం మీద నీళ్లు చల్లాడు. "ఈ రేటులో వాటర్ కూలింగ్ వద్దు, అన్నా. పంపు చెడితే ఏమీ జేయలేం. అవే దుడ్లకు మంచి ఫ్యానుండే ఎయిర్ కూలర్ వస్తాది, నీళ్ల పనే ల్యా, తీస్కపో."

గిరీశ్‌కు ఆ మాట నచ్చింది. ఎయిర్ కూలరే కొన్నాడు. స్టేటస్ మాత్రం తీయలేదు. అప్పటికే ఊరంతా చూసేసింది, పరువు అడ్డొచ్చింది.

ఇంట్లోనే ఉన్న స్టూడియోకు తిరిగొచ్చి ఫ్యాను బిగించాడు. మూత ఇంకా పెట్టకుండానే పని మొదలుపెట్టాడు. కంప్యూటర్ చల్లగా నడుస్తోంది. ఊళ్లో వాటర్ కూలింగ్ మాట విన్న తండ్రి పుల్లయ్య వచ్చి వంగి చూశాడు. రేడియేటర్‌లో నీళ్లు చూడకుండా ఆయన ఏనాడూ ట్రాక్టర్ తీసిన మనిషి కాదు.

"దీనికి నీళ్లు యాడ పోస్తార్రా?"

"లోపలే ఉంటాయి నాయనా. నువ్వు ముట్టుకోవద్దు."

"అయిపోతే?"

"అయిపోవులే!"

నీళ్లు అయిపోని ఇంజను పుల్లయ్య తన జన్మలో చూడలేదు. అనుమానంగా అక్కడే నిలబడ్డాడు.

ఇంతలో వీధిలో కేక. స్టేటస్ చూసిన ఓబులేసు గారు స్కూటర్ మీద ఊడిపడ్డారు. గిరీశ్ బయటికి పరుగెత్తాడు.

"ఏందప్పా, నా బిడ్డ పెండ్లిని నీళ్ల మిషన్లో పెట్నావంట? అది కారితే మళ్లా పెండ్లి జేస్తావా? నా మెమరీ కార్డులు నాకియ్యి, నంద్యాలలో జేపిచ్చుకుంటా!"

గిరీశ్ స్కూటర్‌కు అడ్డం నిలబడ్డాడు. పరువు పోతే పోయింది, పెళ్లి దక్కితే చాలనుకున్నాడు. "మామా, దేవుని తోడు, దాంట్లో చుక్క నీళ్లు ల్యావు!" అని వీధంతా వినబడేలా అరిచాడు. "ఒట్టి ఫ్యాను. గొప్పకు పెట్నా ఆ స్టేటస్. రా, నువ్వే జూడు."

ఓబులేసు గారు కాస్త మెత్తబడి చెప్పులు విడిచారు. ఇద్దరూ లోపలికి అడుగు పెట్టేసరికి టప్‌మని శబ్దం, వెంటనే కమురు వాసన. ఖాళీ చెంబుతో పుల్లయ్య నిలబడి ఉన్నాడు.

"చుక్క నీళ్లు ల్యావని నువ్వరిస్తే ఇన్యా. ఎండిపోయి తిరుగుతాండాది పాపం. చెంబుడు నీళ్లూ పట్టినాయి."

ఓబులేసు గారు మెమరీ కార్డులు ఏరుకుని నంద్యాల దారి పట్టారు. గిరీశ్‌కు ఏడుపొక్కటే తక్కువ. స్టేటస్ చెరిపేద్దామని ఫోన్ తీశాడు గానీ, ఒక్క క్షణం ఆగాడు.

ఇప్పుడందులో అబద్ధమేమీ లేదు.