ఊరికే ఇచ్చిన గ్రైండరు

మధ్యాహ్నం భోజనానికి కోడుమూరు నుంచి సాయిరాం వస్తున్నాడు. బేరం కుదిరితే గోదాములో నెల నుంచి పడివున్న పత్తి కదులుతుంది. ఆదోని పత్తి వ్యాపారి గోపాలయ్య పొద్దున్నే వంట ఏర్పాట్లు చూద్దామని వంటింట్లోకి తొంగిచూశాడు. పక్కింటి కుల్సుంబీ అక్కడున్న గ్రైండర్లో మినప్పప్పు రుబ్బుకుంటోంది.

"రోజూ ఇదేనా?" భార్య కన్యకమ్మను అడిగాడు.

"ఏండ్ల నుంచి ఇదే."

"కరెంటు మనది, గ్రైండరు మనది. ఊరికే ఇచ్చేది ఈ పొద్దు నుంచి బంద్."

"సరేన్నా" అని కుల్సుంబీ గిన్నె ఎత్తుకుని వెళ్లిపోయింది.

పది నిమిషాలకు పెరట్లో తొట్టి నిండడం ఆగింది. నీళ్లు పడుతున్న పైపు గోడ మీదుగా అవతలికి జారిపోయింది.

"ఇవి మన కొళాయి నీళ్లు కావా?"

"మన కొళాయికి నీళ్లొచ్చి నాలుగు దినాలాయ. ఇవి వాళ్ల బోరు నీళ్లు. ఊరికే ఇస్తాండ్రి."

అంతలో వసారాలో మంచం మీది నుంచి తల్లి కేకేసింది. "కుల్సుం యాడబోయిందే? నాకు నీళ్లు పొయ్యాల కదా."

"అమ్మకు నీళ్లు పోసేది నువ్వు కాదా?"

"నా నడుము పట్టేసి ఆర్నెల్లాయ. మీరు అంగడికి పోయినాంక ఆమే వచ్చి, ఎత్తి కూసోబెట్టి పోస్తాంది."

కన్నతల్లికి ఆర్నెల్లుగా ఎవరు స్నానం చేయిస్తున్నారో గోపాలయ్యకు తెలియలేదు. స్నానం కానిదే ఆమె మెతుకు ముట్టదు. నీళ్లు లేక పొయ్యి మీద ఎసరు పడలేదు. గడియారం పదకొండు కొట్టింది.

తప్పయిందని చెప్పడం చేతగాక, గ్రైండరునే భుజానికెత్తుకుని బయలుదేరాడు. ఇళ్ల మధ్య గోడ ఒకటే అయినా కుల్సుంబీ వాకిలి వెనక వీధిలో ఉంది. చెమటలు కక్కుతూ గ్రైండరు మోస్తున్న గోపాలయ్య శెట్టికి బజారంతా దారిచ్చింది. గోపాలయ్య ఇంట్లో సామాను అమ్ముకుంటున్నాడనే మాట అతనికంటే ముందు నడిచి, బస్సు దిగుతున్న సాయిరాం చెవిన పడింది.

గోపాలయ్య కుల్సుంబీ గడప చేరేసరికి సాయిరాం నుంచి ఫోన్ వచ్చింది. "అన్నా, నీకు కష్టమొచ్చిందంట కదా. బేరం ఇంకోసారి చూద్దాంలే."

అతను గ్రైండరు దించి గడప మీదే కూలబడ్డాడు. కుల్సుంబీ ఫోన్ అందుకుంది. "అన్నా, నేను పక్కింటి కుల్సుంబీని. ఆయప్పకు ఏ కష్టమూ రాలేదు. నేను రుబ్బుకునేకి గ్రైండరు మోసుకొచ్చినాడు, అంతే. నువ్వు అన్నానికి రా."

పైపు మళ్లీ గోడ దాటింది. ముసలామెకు స్నానమైంది, వంటా అయింది. సాయిరాం రెండుసార్లు పప్పు అడిగి వేయించుకుని బేరం ఖాయం చేశాడు. పక్కింటోళ్లకు గ్రైండరు మోసిచ్చే మనిషి తూకంలో మోసం చెయ్యడన్నాడు. గోపాలయ్య తలవంచుకుని మజ్జిగన్నం కలుపుకున్నాడు.

చూపు సరిగా ఆనని తల్లి వసారాలోంచి అడిగింది. "కన్యకా, ఇందాక మన వాకిట్లో నుంచి బరువు మోసుకుని పోయినాడే, ఆ కూలి ఆయప్పకు అన్నం పెట్టినారా?"

పెట్టారు. కూలి సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు.